కుళ్ళని నేల

గవిమెట్ట సూక్ష్మజీవుల కేంద్రం, పలకల విభాగం. దినచర్య పుస్తకం. రాస్తున్నది: డి. ఇమాంబీ.

జూన్ 19

పొద్దున ఏడింటికి గేటు దగ్గర గీతల తనిఖీ. చర్మం ఎక్కడ గీరుకున్నా అందులోంచి జ్వరపు జీవి దూరుతుంది. చేతులు, కాళ్ళు, మెడ, చెవుల వెనక. నా ఒంటి మీద గీతలేమీ లేవు. వంటామెకు గోరు పక్కన చర్మం లేచిందని వెనక్కి పంపారు. పదిహేను రోజులు ఇంట్లో ఉండి, జ్వరం రాకపోతే మళ్ళీ రావచ్చు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళింది.

బూట్లు ఉడకబెట్టి, తోలు చేతొడుగులు తొడుక్కుని, కొండ కింది గుహలో, మేం గవి అనేదాంట్లో, ఏడో అర నుంచి వచ్చిన పలక తెరిచాను. పలకలో వెయ్యి గూళ్ళుంటాయి. ఒక్కో గూడు నువ్వుగింజంత. గవిలోని మట్టిని నీళ్ళలో బాగా పలచన చేసి, గూటికొక జీవి పడేలా పోసి, పైన పలుచని పొర కప్పి, పలకను మళ్ళీ ఆ మట్టిలోనే నలభై రోజులు పాతిపెడతాం. మొదట్లో పుట్టిన మట్టిలో తప్ప ఇవి ఇంకెక్కడా పెరగవు; ఒకసారి గుంపు కట్టాక కొన్ని బయట కూడా బతుకుతాయి. వీటిలో చాలావాటికి ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదు.

ఈసారి 212 గూళ్ళలో ఏదో ఒకటి పెరిగింది. అన్నిటినీ వరుసగా జ్వరపు జీవి పక్కన పెట్టి చూశాను. 211 గూళ్ళు దాన్ని ఏమీ చేయలేకపోయాయి. 618వ గూటిలో బూడిదరంగు పొర ఒకటి పెరిగింది. దాని చుట్టూ రూపాయి బిళ్ళంత మేర జ్వరపు జీవి పూర్తిగా చచ్చిపోయింది.

దాని పక్కదే 619. తేనెరంగు జిగురు. దాంతో చిన్న తమాషా జరిగింది. 618 చుట్టూ శుభ్రంగా ఉన్న చోట 619 తగిలిన వైపు మాత్రం జ్వరపు జీవి మళ్ళీ లేచింది.

కేంద్రం అధికారి ఓబులేశు సార్‌కు చూపించాను. భూతద్దం పట్టుకుని 618ని చాలాసేపు చూశారు.

"పదేండ్లాయ ఈ పనిలో ఉండా. ఇట్లాంటిది చూడలే, ఇమాంబీ." తర్వాత 619 వైపు చూపించి అడిగారు. "ఇది దేన్నన్నా చంపుతాదా?"

"లేదు సార్. 618 చేసిన పనిని చెడగొడతాండాది."

"చంపనిదాంతో మనకేం పని? ఉడకబెట్టి పారబొయ్."

నిబంధన కూడా అదే. 618 ఒక్కదాన్ని ఉంచి మిగతా 211 గూళ్ళూ కాగే నీళ్ళలో వేశాను.

సాయంత్రం మా అన్న దస్తగిరి గవిలోంచి పైకి వచ్చాడు. మోకు పట్టి కిందికి దిగేవాళ్ళకు అతనే మేస్త్రీ. ఏడో అర కనిపెట్టింది కూడా అతనే. స్నానాల గదిలో చూసుకుంటే మోకాలి కింద రెండు వేళ్ళ పొడవు గీత ఉందట. ఎవరూ గమనించలేదు. తనంతట తనే వచ్చి కాలు చూపించాడు. వెంటనే వార్డులో పెట్టారు.

జూలై 2

అన్నకు జ్వరం వచ్చింది. కాలు మోకాలి దాకా వాచి నల్లబడింది. ఉన్న ఎనిమిది రకాల మందులూ ఇచ్చారు. అవి పనిచేయవని ఇచ్చేవాళ్ళకూ తెలుసు, అతనికీ తెలుసు.

అమ్మ కంపముల్లు గుచ్చుకుని పోయింది. ఆ ఏడే మండలంలో కంపచెట్లన్నీ వేళ్ళతో సహా పీకి కాల్చేశారు. అప్పుడు అన్నకు పందొమ్మిది, నాకు పన్నెండు. అప్పటి నుంచి నాకు అన్నం పెట్టింది అతనే.

ఓబులేశు సార్ గదికి వెళ్ళి 618 పెరిగిన నీళ్ళను వడకట్టి మందుగా అన్నకు ఎక్కిద్దామని అడిగాను. ముందు రెండేళ్ళు ఎలుకలకు ఇచ్చి చూడాలని నిబంధన. సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

"నా బిడ్డకు పిన్నీసు గుచ్చుకున్యప్పుడు అడిగేదానికి కూడా ఏమీ లేకపాయ," అని సంతకం పెట్టారు.

జూలై 5

మూడో డోసుకు జ్వరం దిగింది. అన్న అన్నం అడిగాడు. వార్డు డాక్టరు థర్మామీటరు మూడుసార్లు మార్చి మార్చి పెట్టి చూశాడు. నేను బయటికి వచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నా ఏడుపు ఎవరూ చూడకూడదనుకున్నాను, అందరూ చూశారు.

ఆగస్టు 1

వార్డులో ముప్ఫై ఒకరు. వరండాలోనూ పాకల్లోనూ ఇంకా చోటు చేస్తున్నారు. ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వస్తున్నారు. వచ్చినవాళ్ళు నడిచి వెళ్తున్నారు. ఇది నా ఉద్యోగంలో ఎప్పుడూ రాయని మాట.

618ని ఇప్పుడు పెద్ద గంగాళాల్లో పెంచుతున్నాం. గంగాళాలు కడిగిన నీళ్ళను, వార్డు నీళ్ళను కాచి ఊరి పక్కన పారే వంకలోకి వదులుతున్నారు. గంగాళాల్లో కలపడానికి ఏడో అరలో ఉన్న మట్టినంతా గీకి పైకి తెచ్చేశారు. వేరే జీవులేవీ కలవకుండా ఉండాలని సార్ అర గోడలను 618 నీళ్ళతోనే కడిగించారు. ఇక ఆ అర 618 ఒక్కదాన్నే పెంచే పొలం లాంటిది.

అన్నకు ఒక్క ఇబ్బంది మిగిలింది. డోసు ఆపితే నాలుగో రోజుకు జ్వరం తిరిగి వస్తోంది. జీవి ఎముకలో దూరిందని డాక్టరు అన్నాడు. నెలల తరబడి ఇస్తూనే ఉండాలట. "ఇస్తాండారు గదా, ఇంకేంది?" అని అన్న నవ్వాడు. బాగానే తింటున్నాడు, కానీ చొక్కా వదులైంది.

ఆగస్టు 14

గేటు అవతల నుంచి లచ్చుమక్క కేకేసింది. ఊళ్ళో నలభై మేకలు, రెండు బర్రెలు ఉన్న మనిషి. వార్డుకు పాలు పోసేది ఆమే.

"ఇమాంబీ, మీ కేంద్రంలో ఏం జేస్తాండారు? మూడు దినాలాయ, పెరుగు తోడుకోలే."

"పాలు చల్లగా ఉన్యప్పుడు తోడేసినావేమో అక్కా."

"నాకు పెరుగు తోడెయ్యను నేర్పిస్తావా నువ్వు? అత్త కాడ తోడు అడిగినా, పక్కూరి నుంచి తెప్పించినా. ఆ ఊర్లో గడ్డకట్టింది, మా ఇంట్లో పాలు పాలుగానే ఉండాయ. మా వీధిలో ఎవురికీ దోసెల పిండి కూడా పులవలే."

ఎండలో పెట్టి చూడమని చెప్పి పంపాను. పని చాలా ఉంది.

ఆగస్టు 29

ఇవాళ చూసినవి వరుసగా రాస్తున్నాను.

పాక వెనక ఒక కాకి చచ్చి పడి ఉంది. కనీసం పది రోజుల కిందటిది. వాసన లేదు. పురుగు లేదు. చేత్తో ఎత్తితే అట్టముక్కలా ఉంది.

ఊరి పెంటదిబ్బ మీద ఉగాదికి కట్టి పోయిన నెల తీసి పారేసిన మామిడి తోరణాలు ఎండి అలాగే ఉన్నాయి. ఈ నెల వేసిన పేడ వేసిన ఆకారంలోనే ఉంది. దిబ్బలో చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఎరువు మాగే దిబ్బ లోపల వెచ్చగా ఉండాలి.

మూడు రోజుల కిందట లచ్చుమక్క దొడ్లోంచి, వంక గట్టు మీంచి, వేరుశనగచేలోంచి చిటికెడు చిటికెడు మట్టి తెచ్చి పళ్ళేల్లో వేశాను. మామూలు మట్టి వేస్తే రెండో రోజుకు పళ్ళెం నిండా రంగురంగుల మచ్చలు వస్తాయి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఈ మూడు పళ్ళేలూ ఖాళీగా ఉన్నాయి. బూజు కూడా లేదు. మధ్యలో మాత్రం బూడిదరంగు పొర ఒకటి మెల్లగా అంచు వైపు పాకుతోంది.

నీళ్ళు కాచి వదిలాం. కాస్తే అది చావలేదు, నిద్రపోయిందంతే.

సెప్టెంబర్ 10

లచ్చుమక్క మేకలు పదహారు చచ్చిపోయాయి. మిగతావి నిలబడలేకపోతున్నాయి. పొట్టలు మాత్రం ఉబ్బి ఉన్నాయి. తోలు చేతొడుగులు, ముసుగు వేసుకుని ఒకదాన్ని కోశాను. కడుపు నిండా గడ్డి ఉంది. పచ్చగా, నమిలింది నమిలినట్టే ఉంది. మేక గడ్డిని తానొక్కతే అరిగించుకోలేదు. దాని కడుపులో ఉండే జీవులే గడ్డిని అరిగిస్తాయి. అవి ఇప్పుడు లేవు.

లచ్చుమక్క పక్కనే గొంతుక్కూర్చుని ఆ గడ్డిని చూసింది.

"కడుపు నిండా పెట్టుకోని ఆకిలికి సచ్చినాయామ్మే," అంది. కాసేపటికి, "మనుషులకు?" అని అడిగింది.

అన్న చొక్కా గుర్తుకొచ్చింది.

సెప్టెంబర్ 11

ఓబులేశు సార్ ముందు పళ్ళేలన్నీ పెట్టాను. వంక వెంబడి రెండున్నర కిలోమీటర్ల దాకా 618 పాకింది. వారానికి అర కిలోమీటరుకు పైగా పోతోంది. ఇలాగే పోతే నవంబరు రెండో వారానికి కుందూ నదిలో కలుస్తుంది. ఆ తర్వాత కొలవడానికి నా దగ్గర అన్ని పళ్ళేలుండవు.

"గంగాళాలు ఆపమంటావా?" అని అడిగారు.

"ఆపినా అది ఆగదు సార్. వంకలో తనంతట తానే పెరుగుతాండాది."

"అట్లయితే ఆపి లాభమేంది? నూటా ఎనభై మంది ఉండారమ్మా వార్డులో. మేకలకు లెక్క చెప్పుకుందాం. మనుషులకు చెప్పుకోలేం."

ఆయన చెడ్డవాడని నేను ఈ పుస్తకంలో రాయడం లేదు. ఆయన బల్ల మీద చిన్నపిల్ల ఫోటో ఉంది. రెండు జడలు, తెల్ల గౌను, భుజం దగ్గర ఆ పిన్నీసు.

సెప్టెంబర్ 16

నిద్ర లేవగానే ఒక ప్రశ్న వచ్చింది. 618 ఏడో అరలో ఎన్నివేల ఏళ్ళుగా ఉందో. మరి ఆ అర ఎందుకు చచ్చిపోలేదు?

వార్డుకు వెళ్ళి అన్న పక్కన కూర్చున్నాను. "మొదటిసారి దిగినప్పుడు ఏడో అర ఎట్లుండె?"

"ఎట్లుంటాది? చీకటి. కంపు."

"ఏం కంపు?"

"గబ్బిలాల పెంట కుళ్ళిన కంపు. కాళ్ళ కింద మెత్తగా, తెల్ల పురుగులు. చిమ్మటలు గూడా ఉండె." నా ముఖం చూసి లేచి కూర్చున్నాడు. "ఏందే?"

చెప్పాను. 618 ఉన్న చోటే అన్నీ కుళ్ళుతున్నాయంటే, దాని విషాన్ని తినేది ఇంకొకటి దాని పక్కనే ఉంది. నేను దాన్ని చూశాను. 619. తేనెరంగు జిగురు. నా చేత్తోనే మరిగే నీళ్ళలో వేశాను. ఇప్పుడు ఏడో అర గోడలు కూడా కడిగేశారు.

అన్న పైకప్పు వైపు చూశాడు.

"అర వెనక ఒక సందు ఉండాది. నడుం దాకా దూరినా, భుజాలు పట్టలే. మనోళ్ళెవురూ పొయ్యింది లేదు, కడిగిందీ లేదు." నన్ను కిందికీ పైకీ చూశాడు. "నువ్వు పడతావు."

నేను గవిలోకి ఎప్పుడూ దిగలేదు. ఆ మాట ఇద్దరం అనుకోలేదు. తువ్వాలు తీసి మంచం కోడుకు మోకు ముడి ఎలా వేయాలో చూపించాడు. నా చేత పదకొండుసార్లు వేయించాడు. పదిసార్లు తప్పన్నాడు.

సెప్టెంబర్ 18

ఓబులేశు సార్ అనుమతి ఇవ్వలేదు, ఆపనూ లేదు. "నాకు చెప్పలేదనుకో," అన్నారు.

మోకు పట్టింది లచ్చుమక్క. దిగుడు మనుషులు ఎవరూ రామన్నారు. ఆమె మాత్రం మిగిలిన మేకలను కట్టేసి వచ్చింది. బావిలో పడిన బర్రెను ఒకసారి ఒక్కతే మోకుతో నిలబెట్టిందని ఊళ్ళో చెబుతారు.

రెండు జతల చొక్కాలు, తోలు తొడుగులు, మోకాళ్ళకు గోనెపట్టాలు. అయిదో అర దాకా ఇనుప మెట్లున్నాయి. తర్వాత మోకు. గాలి వెచ్చగా ఉండి ఊపిరి సగమే ఆడింది. ఏడో అరకు చేరి దీపం ఎత్తితే కడిగిన గోడలు మెరిశాయి. ఏ వాసనా లేదు. ఒక పురుగు కూడా లేదు. గోడ మూలలో చిమ్మట ఒకటి కాళ్ళు ముడుచుకుని ఎండి ఉంది. అన్న చెప్పిన అర ఇది కాదనిపించింది.

సందు నేలకు జానెడు ఎత్తులో ఉంది. చేతులు ముందుకు చాచి, తల పక్కకు తిప్పి దూరాను. రాయి వీపునూ రొమ్మునూ రెండు వైపులా పట్టుకుంది. ఊపిరి వదిలితేనే ముందుకు జరగగలను. పీల్చితే ఇరుక్కుంటాను. గట్టిగా కదిలితే బట్ట చిరుగుతుంది, బట్ట తర్వాత చర్మం. అమ్మ కాలికి గుచ్చుకున్న ముల్లు గోరంత కూడా లేదు. ఒకచోట భయం వేసి కదలలేకపోయాను. ఎంతసేపో తెలియదు. పైనుంచి మోకు రెండుసార్లు మెల్లగా లాగింది. ఉన్నావా అని అడగడం. నేనూ రెండుసార్లు లాగాను. మళ్ళీ కదిలాను.

తర్వాత వాసన తగిలింది. ముక్కు పగిలే కంపు, కుళ్ళిన పెంట కంపు. చేతి కింద నేల మెత్తబడింది. రెండు సీసాలు నింపుకున్నాను.

పైకి వచ్చాక లచ్చుమక్క పట్టపగలు గోడ చాటున నా ఒళ్ళంతా వేళ్ళతో తడిమి చూసింది. వీపు కమిలింది. గీత మాత్రం లేదు.

"నీ అన్న ఇన్నేండ్లూ ఈ పని ఎట్ల జేసినాడో," అని నా జుట్టులో మట్టి దులిపింది.

పలక పోసి, ఆ మట్టిలోనే పాతిపెట్టాను. నలభై రోజులు.

అక్టోబర్ 9

లచ్చుమక్కకు ఇక మేకలు లేవు. వంక పక్క వేరుశనగ పసుపుబారింది. పీకి చూస్తే వేళ్ళ మీద ఉండాల్సిన బుడిపెలు లేవు. వాటిలోని జీవులే మొక్కకు సత్తువ. రైతులు పీకిన చెట్లు తెచ్చి గేటు ముందు పడేశారు.

ఊళ్ళో ఒక ముసలాయన చనిపోతే పూడ్చారు. గుంత తవ్వినవాడు వచ్చి నాతో మెల్లగా అన్నాడు. నెల కిందట పూడ్చిన మనిషి గుంత పక్కనే తెరుచుకుందట. "నిద్రపోతాండట్లే ఉండాడు మేడమ్," అన్నాడు.

618 నాలుగున్నర కిలోమీటర్లు దాటింది. నది ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది.

అక్టోబర్ 28

మొన్న, గడువుకు రెండు రోజుల ముందే, పలక తెరిచాను. 43వ గూటిలో, 307లో, 866లో తేనెరంగు జిగురు ఉంది.

లచ్చుమక్క దొడ్డి మట్టిలో కలిపి చూశాను. 618 మందును అది నీళ్ళు చేసేస్తుంది. ఆ తర్వాత బయట ఊరి మట్టి కొంచెం చల్లితే మచ్చలు లేస్తాయి. పనిచేస్తుంది.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఇది ఒక్కసారి బయటికి వదిలితే వంకలోనూ గాలిలోనూ మనుషుల్లోనూ ఉంటుంది. గంగాళాల్లో మందు నిలవదు. ఒంట్లో మందు కూడా నిలవదు.

స్నానం చేసి, ఉడికించిన బట్టలు కట్టుకుని అన్న దగ్గరికి వెళ్ళాను. చెప్పాను. అతను గోడ వైపు చూస్తూ విన్నాడు.

"ఎముక నయమయ్యేదాకా ఆగేదానికి లేదా?"

"డాక్టరు ఆరు నెలలంటాండాడు. రెండు వారాల్లో అది నదికి..."

"నన్ను అడిగేదానికి వచ్చినావా, చెప్పేదానికి వచ్చినావా?"

"చెప్పేదానికే," అన్నాను.

అతను అటు తిరిగి పడుకున్నాడు. నేను కూర్చునే ఉన్నాను. పాత చొక్కా లోపల వీపు ఎముకలు కనబడుతున్నాయి. మధ్యాహ్నం అన్నం బండి వచ్చి పోయింది. అప్పుడు అటు తిరిగే అన్నాడు:

"నాకు చెప్పినట్ల వాళ్ళందరికీ చెప్పు. దొంగతనంగా పొయ్యొద్దు."

అక్టోబర్ 29

వార్డు మధ్యలో నిలబడి 214 మందికి చెప్పాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకాయన చెంబు విసిరాడు. నాకు తగల్లేదు. మద్దమ్మ అనే ఆమె లేచి వచ్చింది. ఆమె కూతురికి ఊపిరితిత్తుల్లో చీము, ఐదేళ్ళ పిల్ల.

"నా బిడ్డకు ఇంకా నలభై దినాలు మందుండాది. నువ్వు కావాలంటే నా తల తీసుకో. నలభై దినాలు ఆగు."

ఆమెకు నేనేం చెప్పగలను? వేరుశనగచేల గురించి చెప్పాలా?

ఓబులేశు సార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో చూడలేదు. పలకల గదికి తాళం వేయిస్తారనుకున్నాను. ఆయన మద్దమ్మను చూస్తూ నన్నే అడిగారు.

"సీసాల్లో సీలు వేసి దూరం తీసుకపోతే మందు ఉంటాదా?"

"అక్కడికి 619 రానంత వరకు ఉంటాది సార్."

"అయితే మూడు దినాలు టైము ఇయ్యి నాకు."

అక్టోబర్ 31

అరవై కిలోమీటర్ల దూరంలో ఖాళీగా ఉన్న పాత మార్కెట్ యార్డు దొరికింది. బస్సులు ఆయనే మాట్లాడారు. చివరి గంగాళాల మందంతా సీలు వేశాం. తక్కువ రోజులు మిగిలినవాళ్ళకు పూర్తిగా సరిపోతుంది. అన్నకు సరిపోదు. పన్నెండు రోజుల మందు ఇచ్చి ఆ లోగా కాలు తొడ దగ్గర తీసేస్తే బతుకుతాడని డాక్టరు చెప్పాడు.

నవంబర్ 1

బస్సులు వెళ్ళిపోయాయి. నేను పలకల గదిలో 619 దగ్గర ఉంటాను గనుక బస్సుల దగ్గరికి పోలేదు. అన్న మూడో బస్సు కిటికీలో కూర్చున్నాడు. చెయ్యి ఊపలేదు. నా వైపు చూశాడు, అంతే.

ఊరి బయట కల్వర్టు దగ్గర గీత గీశాం. ఈ పక్కవాళ్ళు ఎవరూ అటు దాటరాదు.

నవంబర్ 2

పొద్దున తొమ్మిదింటికి నేనూ లచ్చుమక్కా రెండు కుండలు మోసుకెళ్ళి వంకలో పోశాం. నీళ్ళలో తేనెరంగు తీగ ఒకటి సాగి, రాళ్ళ దగ్గర విడిపోయి కనబడకుండా పోయింది. ఓబులేశు సార్ గట్టు మీద చెప్పులు విడిచి నిలబడ్డారు. ఎందుకు విడిచారో అడగలేదు.

నవంబర్ 20

పెంటదిబ్బ కంపు కొడుతోంది. ఊరంతా ముక్కులు మూసుకుని నవ్వుతున్నారు. వంకలో ఆరున్నర కిలోమీటర్ల దగ్గర 618 ఆగింది. నదికి చేరలేదు. పళ్ళేల్లో మచ్చలు వచ్చాయి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. నేను వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాను. అవసరం లేకపోయినా.

అన్నకు కాలు తీశారు. జ్వరం లేదు. ఈ సంగతి యార్డు డాక్టరు ఫోనులో చెప్పాడు. అన్న మాట్లాడలేదు. అందుకే వారం వారం ఉత్తరం రాస్తున్నాను. ఇవాళ మూడోది రాసి, కల్వర్టు మీద రాయి కింద పెట్టించాను. అటువైపు బస్సువాడు తీసుకుపోతాడు. ఉత్తరాల్లో పెద్దగా ఏమీ లేదు. లచ్చుమక్క కొత్తగా మేకపిల్ల తెచ్చుకుంది, ఇట్లాంటివే.

డిసెంబర్ 7

కల్వర్టు దగ్గరికి ఎవరో వచ్చారని పిలిస్తే వెళ్ళాను. అన్న. చంకల్లో కర్రలు, ఒక కాలి పంట్లాం మడిచి కుట్టి ఉంది. ముఖం కొంచెం నిండింది. గీతకు అటువైపు ఆగాడు. ఇటువైపు నేను.

"బాగుండావా?" అన్నాను.

"నాకు బాగనే ఉండాది. మందు అవసరం అయిపాయ నాకు." చంకల్లో కర్రలు సర్దుకున్నాడు. "నిన్న యార్డులో సీలు తీసిన కాసేపటికే మందు పని చెయ్యకుండా పాయ. వరసగా ఇరవై సీసాలు. నీళ్ళయిపోయినాయంట. ఇంకా అరవై మూడు మంది ఉండారు, డోసులు అయిపోనోళ్ళు."

సీలు ఉంది, అరవై కిలోమీటర్లు ఉంది, గీత ఉంది. ఎవరూ దాటలేదు. అటు వెళ్ళినవి ఏమున్నాయని ఒక్కొక్కటే తలుచుకున్నాను.

"నా ఉత్తరాలు ఏం జేసినావ్?"

"ఏం జేస్తా? అందరికీ సదివి వినిపించినా. చేతులు మారి చూసినారు గూడా. తర్వాత మందుల గదిలో పెట్టించినా, దిండు కింద పెడితే నలుగుతాయని..."

నా ముఖంలోనే అతనికి అర్థమై ఉంటుంది. ఆ ఉత్తరాలు నేను పలకల గదిలో, 619 పలకలు తెరిచే బల్ల దగ్గర కూర్చుని రాసినవి.

తిరిగిపోతాడనుకున్నాను. కర్రలు ముందుకు వేసి, గీత దాటి నా పక్కకు వచ్చాడు.

"ఇంక ఆ పక్క ఉండి ఏం జేసేది?" అన్నాడు. "పా."

"మద్దమ్మ కూతురు?"

"ఇంకా రెండు డోసులు ఉండె. పొద్దున నేను వచ్చేటప్పటికి ఒళ్ళు వెచ్చగా ఉండాది."

చెయ్యి పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. కర్రల శబ్దం వింటూ పక్కనే నడిచాను. ఇంటికి వచ్చాక నీళ్ళు తాగి, ఆ అరవై మూడు మంది పేర్లూ అతనికి గుర్తున్నాయన్నాడు. పక్కపక్క మంచాల వాళ్ళే కదా. అతను చెబుతుంటే రాస్తున్నాను.

1. సుంకులమ్మ, మద్దమ్మ కూతురు, ఐదేళ్ళు.